తడిసిన పిండికట్టు

ఆగండి వదినగారూ, ఆగండి. చెప్పులైనా విడవకుండానే మొదలెట్టేశారు. ముందు కూర్చోండి. అయ్యో, ఆ కుర్చీ వద్దు, దాని కాలు వదులు. ఇటు రండి, ఈ మంచం మీద కూర్చోండి. ఫ్యాన్ వేస్తాను. మంచినీళ్ళు తాగండి. ఆఁ, ఇప్పుడు తిట్టండి.

అవును, తీసుకెళ్ళాను. మోచెయ్యి దాకా పిండికట్టు ఉన్న మన ఆరేళ్ళ మనవరాలిని బస్సెక్కించి థీమ్ పార్కుకి తీసుకెళ్ళాను. దొంగచాటుగా కాదే! మీ అబ్బాయికి చెప్పాను, మా అమ్మాయికి చెప్పాను, మీకూ ఫోన్ చేసి చెప్పాను. మీరు వద్దన్నారు. అయినా వెళ్ళాను. మళ్ళీ వెళ్ళమన్నా వెళ్తాను.

ఏంటీ, సిగ్గు లేదా అంటారా?

లేదండీ. జీవితమంతా బస్సు కండక్టరుగా చేసినదాన్ని. చిల్లర లేదంటే తిట్టేవాళ్ళు, స్టాపులో ఆపకపోతే తిట్టేవాళ్ళు, ఆపితే ఎందుకాపావని వెనక సీటువాళ్ళు తిట్టేవాళ్ళు. తిట్టిన ప్రతిసారీ సిగ్గుపడుతూ కూర్చుంటే ఒక్క ట్రిప్పయినా తిప్పేదాన్నా? మీ సంగతి వేరు. మీరు టీచరు. మీ ముందు అందరూ చేతులు కట్టుకుని నిలబడ్డవాళ్ళే. అందుకే ఎవరైనా ఎదురు చెబితే మీకు ఒళ్ళు మండుతుంది.

డాక్టర్ని అడక్కుండా వెళ్ళాననుకుంటున్నారా? అడిగాను. నడవొచ్చా అంటే నడవొచ్చన్నాడు. బస్సెక్కొచ్చా అంటే జాగ్రత్తగా ఎక్కించమన్నాడు. గెంతకూడదు, తడపకూడదు, చెయ్యి మెడపట్టీలోంచి తియ్యకూడదు. అంతే. మూల కూర్చోబెట్టి గోడని చూపించమని ఆయన చెప్పలేదు. అది చెప్పింది మీరు.

కోప్పడకండి. ఒక్క మాట అడుగుతాను, నిజం చెప్పండి. దానికి పిడుగని పేరు పెట్టింది ఎవరు? మీరే కదా! పాలు తాగుతూ మాట్లాడేది, పళ్ళు తోముకుంటూ మాట్లాడేది, నిద్రలో కూడా ఎవరితోనో పోట్లాడేది. నన్ను బస్సమ్మమ్మ అని పిలిచి, నా విజిల్ ఎత్తుకుపోయి, వీధిలో పోయే స్కూటర్లన్నీ ఆపించేది. అలాంటి పిల్ల మీ ఇంట్లో చెయ్యి విరిగిన దగ్గర్నించి నోరు మెదపలేదు. మీరు చూడలేదంటే నేను నమ్మను.

వాళ్ళింటికి వెళ్ళి చూద్దును కదా, గోడకి ఆనుకుని, కట్టు మీద ఎడమచెయ్యి పెట్టుకుని, బిక్కుబిక్కుమంటూ కూర్చుని ఉంది. నొప్పా అంటే కాదు. దురదా అంటే కాదు. మంచం మీద గెంతితే అంతే, ఇప్పటికైనా బుద్ధొచ్చింది అని మీ అబ్బాయి నవ్వాడు. నేనూ వదల్లేదు లెండి. మంచం గెంతడానికా పడుకోవడానికా అని నాలుగు దులిపాను. తల దించుకుని వింది. ఒక్క మాట తిరిగి అనలేదు. మా పిడుగు ఎదురు చెప్పకుండా తిట్లు తినడమా!

పోయిన సెలవుల్నించీ పార్కు, పార్కు అని కలవరించిన పిల్ల. మాటిచ్చాను. పైగా దాన్ని ఆ గోడ దగ్గర్నించి లేపాలి. నాకు తోచింది అదే. లేపాను.

ప్రయాణం గురించి దిగులు పడకండి. కిటికీ పక్కన కూర్చోబెట్టి, నా ఒళ్ళో దిండు పెట్టి, దిండు మీద దాని చెయ్యి పెట్టాను. ఎక్కడ గుంట వస్తుందో, ఎక్కడ డ్రైవరు బ్రేకు తొక్కుతాడో నా కాళ్ళకి ముందే తెలుస్తుంది. నా ఒళ్ళు హూనమైంది కానీ దాని చెయ్యి మాత్రం ఇంతైనా కదల్లేదు.

ఏంటీ? రోలర్ కోస్టర్ ఎక్కించానా? ఎవరు చెప్పారమ్మా మీకు! గోరంతలు కొండంతలు చెయ్యడంలో మా అమ్మాయిని మించినవాళ్ళు లేరు. ఎక్కించలేదు. పసుపు టోపీ పెట్టుకున్న అమ్మాయి గేటు దగ్గర ఆపి, కట్టున్న పిల్లలు ఎక్కకూడదండీ అంది. సరేనమ్మా అన్నాను. గొడవ పెట్టుకుంటాననుకున్నారు కదూ? నా బస్సులో నేను చెప్పిందే రూలు. వాళ్ళ బండికి వాళ్ళు చెప్పిందే రూలు. ఫుట్‌బోర్డు మీద వేలాడేవాళ్ళని ఎంతమందిని దించాను, ఆ మాత్రం తెలీదా నాకు?

చిన్న రైలు ఎక్కాం. పార్కు చుట్టూ నత్తలా పాకే రైలు అది, పక్కన నడిచేవాళ్ళు దాన్ని దాటి పోతున్నారు. ఎవరో పెద్దమనిషి లైను దాటి దూరబోయాడు. ఊరుకుంటానా? సంచిలోంచి విజిల్ తీసి ఒక్క ఊపు ఊదాను. లైను మొత్తం బిగుసుకుపోయింది! ఆ పెద్దమనిషి తన కూతురి వెనక్కి వెళ్ళి నిలబడ్డాడు. అప్పుడు నవ్వింది వదినగారూ మన పిడుగు. పళ్ళూడిన నోరంతా తెరిచి నవ్వింది. విజిల్ ఇటివ్వు అని లాక్కుంది. రైలు తిరిగినంతసేపూ ఊదుతూనే ఉంది. "తర్వాతి స్టాపు ఏనుగుబొమ్మ, దిగేవాళ్ళు ముందుకు రండి" అని కేకలు. ఒక్కళ్ళూ దిగలేదనుకోండి, అది వేరే సంగతి.

ఆ నవ్వు కోసం ఎన్ని తిట్లైనా తింటాను. రాసుకోండి.

సరే, తడిసిన సంగతికి వస్తున్నాను. దాచడం లేదు. ఆ ఏనుగుబొమ్మ ఎదురుగా బెంచీ ఉంటే కూర్చున్నాం. నాకేం తెలుసండీ ఆ ఏనుగు ఉన్నట్టుండి తొండంతో నీళ్ళు కొడుతుందని? చుట్టూ పిల్లలు కేరింతలు కొడుతూ నిలబడ్డారు, ఎందుకో ఆలోచించొద్దూ నేను? ఆలోచించలేదు. కాళ్ళు పీకుతున్నాయి, నీడ కనపడింది, కూలబడ్డాను. బుస్సుమని వచ్చి మీద పడింది. నేను తడిశాను, సంచి తడిసింది, కట్టు తడిసింది. మణికట్టు దగ్గర మెత్తబడి చిన్న చీలిక కూడా వచ్చింది.

అది ఏడ్చిన ఏడుపు! చెయ్యి విరిగిన రోజు కూడా అంత ఏడ్చి ఉండదు. ఎముక మళ్ళీ కదిలిందేమో అనుకున్నాను. ఎత్తుకుని ఆ పార్కువాళ్ళ మందుల గదికి పరిగెత్తాను. నర్సు వేళ్ళు కదిలించి చూసింది, గోళ్ళు నొక్కి చూసింది. ఏం కాలేదు, వాపు కూడా లేదు, రేపు మీ డాక్టరు దగ్గర ఈ కట్టు కోయించి కొత్తది వేయించండి అంది. ఈలోపు వేళ్ళు వాచినా, రంగు మారినా, నొప్పెక్కువైనా ఆగకుండా ఆస్పత్రికి వెళ్ళమంది. ఫ్యాను కింద ఆరబెట్టింది.

కోయించాలి అన్న మాట వినపడగానే పిల్ల మంచం కిందకి దూరిపోయిందండీ. కట్టుని గుండెకి అదుముకుని, "వద్దు, కొయ్యొద్దు, విప్పొద్దు" అని ఒకటే కేకలు. నొప్పి లేదని తల ఊపుతోంది. మరెందుకే తల్లీ ఏడుపు? నర్సుని కాసేపు బయటికి వెళ్ళమన్నాను. మోకాళ్ళు సహకరించకపోయినా నేనూ ఆ మంచం కిందకి దూరాను.

చెప్పింది.

ఎందుకలా చూస్తారు? ఆ గ్లాసు కింద పెట్టండి, నీళ్ళు ఒలుకుతున్నాయి.

"నానమ్మ మాట బయటికి వచ్చేస్తుంది అమ్మమ్మా" అంది. ఏ మాటే అన్నాను. ఆస్పత్రిలో కట్టు ఇంకా పచ్చిగా ఉన్నప్పుడు మీరు దాని చెవిలో చెప్పారట. మన మాట ఇందులో పెట్టి మూసేశాం, ఇంక ఎవరికీ తెలీదు, నువ్వూ చెప్పకు అని. ఏడుస్తున్న పిల్లని ఊరుకోబెట్టడానికి అన్నారు. నాకు తెలుసు. ఇన్నేళ్ళు ఎన్ని వందల మందిని అలా ఊరుకోబెట్టి ఉంటారో! కానీ అది నమ్మేసిందండీ. నిజంగానే ఆ పిండిలో మీ మాట ఉందని నమ్మింది. అందుకే దాని మీద చెయ్యి తియ్యలేదు. అందుకే నోరు తెరవలేదు. నోరు తెరిస్తే ఎక్కడ జారిపోతుందో అని.

అది మంచం మీద గెంతలేదు కదూ వదినగారూ?

వంటింట్లో మీకు కళ్ళు తిరిగాయి. అది మొదటిసారి కూడా కాదట. మీరు తూలిపోతుంటే వెనకనుంచి నడుం పట్టుకుందట. ఇంత పిల్ల! మిమ్మల్ని నిలబెడదామనుకుంది. ఇద్దరూ పడ్డారు. దాని చెయ్యి మీ కింద పడింది.

ఏడవకండి. వద్దు. నేను తిట్టడానికి చెప్పడం లేదు. తిట్టడానికి వచ్చింది మీరు, నేను కాదు.

ఎందుకు దాచారో నాకు తెలీదా? తెలిస్తే మీ అబ్బాయి పిల్లని మీ దగ్గర వదలడు. ఆ పెద్ద ఇంట్లో పొద్దున్నించీ సాయంత్రం దాకా మీరూ, గడియారమూ. బడినించి వచ్చి సంచి విసిరేసేవాళ్ళు ఉండరు. లెక్కలు చెప్పించుకునేవాళ్ళు ఉండరు. నాకు తెలుసండీ ఆ బతుకు. సెలవులు అయిపోయాక నా బతుకు అదేగా.

అబద్ధం ఎందుకు, ఇదీ చెప్తాను. ఆ మంచం కిందనుంచి బయటికి రాగానే ఫోన్ తీశాను. మా అమ్మాయికి చేశాను. రింగవుతోంది. అప్పుడు నా మనసులో ఏముందో తెలుసా? ఇంక పిడుగు నాదే. మీ దగ్గర వదలరు, నా దగ్గరే వదులుతారు, సెలవుల్లోనే కాదు, ఏడాదంతా. అంత సంబరం వేసింది నాకు. మీరు కింద పడ్డారని విని నాకు సంబరం వేసిందండీ! చాలా? ఇప్పుడు అడగండి సిగ్గు లేదా అని.

అది నా చెంగు పట్టుకుని లాగింది. "నాన్నకి చెప్తే నన్ను నానమ్మ దగ్గరికి పంపడు. మళ్ళీ నానమ్మ పడిపోతే ఎవరు పట్టుకుంటారు?" అంది.

మా అమ్మాయి అప్పటికే ఫోన్ ఎత్తి హలో హలో అంటోంది. పార్కులో కట్టు తడిపేశాను, తప్పు నాదే అని చెప్పి పెట్టేశాను. రెండు రోజులు ఉందామని వెళ్ళినవాళ్ళం, వెంటనే వచ్చేశాం. తర్వాత ఇద్దరూ వరస పెట్టి చేసి తిట్టిన తిట్లు మీకు తెలిసినవే. పడ్డాను. నాకేం కొత్తా?

ఇప్పుడు మీరొచ్చి, ఇంక పిల్లని మీ ఇంటికి పంపేది లేదంటున్నారు. నాతో! అనండి, మీ ఇష్టం. మీ అబ్బాయి ముందు కూడా అనండి. నన్ను బాధ్యత లేని మనిషినని వీధిలోకి వచ్చి అరవండి, నేను నోరెత్తితే అప్పుడడగండి. కానీ నేను చెప్పేవి మీరు విని తీరాలి.

రేపు పొద్దున్న దాని కట్టు కోస్తారు. మనం ఇద్దరం వెళ్తాం. దాని పని అయ్యాక అదే ఆస్పత్రిలో మీ కళ్ళు తిరగడం సంగతి చూపిస్తాం. ఎందుకొచ్చిందో డాక్టరు చెప్పాక మీ అబ్బాయికి మీరే చెప్పాలి, మీ నోటితో. పిల్లని దూరం చేస్తానంటే నన్ను పిలవండి. వాళ్ళు ఉద్యోగాల నుంచి వచ్చేదాకా రోజూ నేను మీ ఇంటికొచ్చి కూర్చుంటాను. మనిద్దరికీ పడదు, నిజమే. పోట్లాడుకుంటూనే కాపలా కాద్దాం. ఏం, కాయలేమా?

కుదరదంటే, నేనే చెప్పేస్తాను. పిల్ల నన్ను తిట్టుకున్నా సరే, మీరు జన్మలో నా మొహం చూడకపోయినా సరే. ఇంకోసారి ఆ చిన్న చేతుల మీద మీరు పడితే నేను చూస్తూ ఊరుకోను.

అన్నిటికంటే ముందు పని ఇంకోటుంది. అది ఆ గదిలోనే ఉంది. మీ గొంతు వినే ఉంటుంది. తలుపు సందులోంచి చూడండి, ఆ కట్టు మీద చెయ్యి పెట్టుకుని ఎలా కూర్చుందో. వెళ్ళి చెప్పండి. అందులో ఏ మాటా లేదని, నువ్వు గెంతలేదని, నన్ను కాపాడబోయావని మీరే చెప్పండి. నేను చెప్తే నమ్మదు. మీరు చెప్తేనే నమ్ముతుంది, పిచ్చిపిల్ల.

లేవండి. నెమ్మదిగా. అరె, ఆ కుర్చీ పట్టుకోకండి అన్నానా! వదలండి దాన్ని. ఇదిగో, నా చెయ్యి పట్టుకోండి. అలా ముట్టీ ముట్టనట్టు కాదు, గట్టిగా. బరువంతా వెయ్యండి వదినగారూ, మొహమాటం లేకుండా వెయ్యండి. పరిగెత్తే బస్సులో కడ్డీ పట్టుకోకుండా నిలబడ్డ మనిషిని నేను. పడను.