పులి మీద ఆకుల మూట

చింతామణిలో సినిమా చూసి జంగమకోటె బస్సెక్కినప్పటి నుంచి, మనవరాలి పక్కన కూర్చున్న అవ్వ తనలో తాను నవ్వుకుంటోంది.

"ఏమవ్వా, సినిమా అంత బాగుండాదా?"

"కోతలు కోసే ఆ ముసలాయన్ని, చివర్న ఆయన చెప్పిన మబ్బుగుర్రమే వచ్చి ఎక్కించుకోని పోయె కదమ్మా. మీ తాత గుర్తొచ్చినాడు."

"పట్టుపురుగులకు ఆకు లేకపోతే, తాత పులి మీద పోయి మూటెడు తెచ్చిన కథ కదా?"

"ఆయన బతికుండేవరకూ అది అబద్ధమనే అంటి."

"నేను రోజూ నా కూతురికి అదే చెప్తాండాను. మానేసేదా?"

కిటికీ అవతల మల్బరీ తోట గాలికి ఊగింది. ఆకుల నడుమ చారలేవో కదిలినట్టే అనిపించింది అవ్వకు.

"మానద్దు. పులి మీద ఆయన వెనకాల నేనూ కూర్చోనుంటినని చెప్పు. మూట నా ఒళ్ళోనే ఉన్నింది."