పేర్లు చెప్పని డాక్టరమ్మ

1993వ సంవత్సరం ఆగస్టు రెండవ తేదీన గోదావరిఖనిలోని మన దవాఖానలో ఊపిరితిత్తుల వైద్యురాలిగా బాధ్యతలు స్వీకరించిన డాక్టర్ సుగుణమణి గారు ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. బెల్లంపల్లిలో గని గుమాస్తా దయాసాగర్ గారి కుమార్తెగా పుట్టి, ఇంటి చుట్టూ బొగ్గు దగ్గు వింటూ పెరిగిన వారికి ఈ నేల కొత్త కాదు. ఇటువంటి వ్యాసాల్లో మృదుభాషిణి అని రాయడం ఆనవాయితీ. అబద్ధం ఎందుకు? మేడంగారి నోటికి జంకని వారు ఈ దవాఖానలో లేరు.

కొన్నేళ్ళకు కార్మికుల ఆరోగ్య పరీక్షల బాధ్యత మేడంగారి చేతికి వచ్చింది. జబ్బు చేసి గని పనికి పనికిరాడని వైద్యులు తేల్చితే కొడుక్కి కొలువు దొరుకుతుందన్న ఆశ ఈ ప్రాంతంలో ప్రతి ఇంటా ఉన్నదే. ఒకనాడు బొగ్గు కార్మికుడు కొమురెల్లి (ఇది అతని అసలు పేరు కాదు) ఎక్స్‌రే చూసి మేడంగారు అతణ్ణి లోపలికి పిలిపించారు.

"ఏందన్నా, ఊపిరి గుంజి పట్టుమంటే ఇడిసిపెట్టినవు?"

కొమురెల్లి తల గోక్కున్నాడు. "ఇడిస్తే ఊపిరితిత్తులు ఖరాబైనట్టు కనవడ్తయని క్యాంటీన్ల చెప్పిన్రు మేడం. అన్‌ఫిట్ అయితే పోరనికి కొలువు అస్తది గద."

"పోరనికి కొలువు గావాలె, సరే. పోరనికి నువ్వు సుత గావాలె గదనే. పో, మళ్ళ మిషన్ ముంగట నిలవడు. ఈసారి కడుపునిండ గుంజు."

రెండో ఎక్స్‌రేలో, మొదటిదాని మసకలో కనబడని క్షయ మచ్చ బయటపడింది. మందులు మింగించారు, మానేస్తే ఇంటికి వెళ్ళి మరీ చివాట్లు పెట్టారు. కొమురెల్లి బతికి మళ్ళీ డ్యూటీ ఎక్కాడు. అతడు చేసిన పని మాత్రం మేడంగారు ఎవరి చెవినా వేయలేదు; మాకు చెప్పింది అతడే.

విభాగాధిపతి అయిన తరువాత, ఎక్స్‌రేలు చదివే కంప్యూటర్ యంత్రం కావాలని పట్టుబట్టి తెప్పించుకున్నదీ వారే. మనిషి కన్ను అలసిపోయిన చోట అది రోగాన్ని పట్టేది. ఆమెకు టెక్నాలజీ గిట్టదని ప్రచారం చేసిన పెద్దమనుషులు ఈ వాక్యాన్ని రెండుసార్లు చదువుకోవాలని మనవి.

తగాదా నిరుడు వచ్చింది. కావాలని ఊపిరి వదిలి ఎక్స్‌రే తీయించుకున్న వారిని కూడా తమ యంత్రం పట్టగలదని దానిని అమ్మిన బయటి కంపెనీ వారు చెప్పగానే, ఆ పేర్లన్నీ ఇస్తే క్రమశిక్షణా చర్యలు తీసుకుంటామని పై అధికారి ఒకరు మేడంగారిని అడిగారు. మోసాన్ని దాచడం వైద్యధర్మమా అని కూడా నిలదీశారు. ఆ కబురు గనులకు పాకడంతో పరీక్షలకు వచ్చేవారే కరువయ్యారు. కొమురెల్లి దొడ్డిదారిన వచ్చి, "నా పేరు సుత చెప్తరా అమ్మా? ఈ వయసుల కొలువు పోతే ఎట్ల బతకాలె?" అని అడిగితే, అతణ్ణి అంత భయపెట్టిన వారి మీద మేడంగారికి ఒళ్ళు మండిపోయింది. ఆ కోపంతోనే సమావేశానికి వెళ్ళారు.

"ఆ ఎక్స్‌రే బొమ్మ వాళ్ళ రోగం చూడమని ఇచ్చిన్రు సార్, వాళ్ళను పట్టియ్యమని ఇయ్యలే. ఇయ్యాల నేను పేర్లు చెప్తే, రేపటిసంది నిజంగ దగ్గేటోడు సుత మా గడప తొక్కడు. వాడు సస్తే ఆ పాపం మిషన్‌ది గాదు, నాది. మిషన్ ఉండనియ్యిన్రి. పేర్లు మాత్రం నేనియ్య."

పదోన్నతి సంగతి గుర్తుంచుకోమన్నారు ఆ అధికారి. గుర్తుంచుకున్నారు, వదులుకున్నారు. వారికి రావలసిన పదవి మరొకరికి వెళ్ళింది. కార్మికులు మాత్రం ఒక్కరొక్కరుగా ఎక్స్‌రే గది ముందు మళ్ళీ వరుస కట్టారు. ఏ ప్రశంసా పత్రంలోనూ రాయని ఈ విజయానికి వారి విభాగంలో పనిచేసే మేమంతా సాక్షులం, గర్విస్తున్నాం.

వచ్చే నెల నుంచి ఆ పేర్లు మమ్మల్ని అడుగుతారు. ఇప్పటికే ఒకసారి అడిగారు కూడా. మేమూ ఇవ్వం, మన దవాఖాన పత్రిక ఈ సంచికలోనే రాసి చెబుతున్నాం. మాలో ఏ ఒక్కరి పట్టు సడలినా వచ్చి ముఖం వాచేలా చివాట్లు పెట్టడానికైనా, డాక్టర్ సుగుణమణి గారు ఇదే నోటితో, ఇదే ఆరోగ్యంతో నిండు నూరేళ్ళు మా మధ్య ఉండాలి.