నాంచారమ్మ తిట్లకు చేపిన బర్రె

నాంచారమ్మ సంగతి చెప్తా వినండి. ఇందులో ఒక్క ముక్క అబద్ధముంటే నా నోట్లో మిగిలిన రెండు పళ్ళూ ఇక్కడే ఊడిపోవాల. ఆ నాంచారమ్మ కాలికి పుండు లేచిందంట. షుగరు పుండు. ముందు రేగ్గాయంత, ఆనక తాటికాయంత, చివరికి కాలికి పుండుందా, పుండుకి కాలుందా అన్నట్టయిందనుకో. టౌను పెద్దాసుపత్రికి తీసుకుపోతే డాక్టరు చూసి, ఇక్కడే మంచం మీద పడుకోవాల, రోజూ కడిగి కట్టు కట్టాల, లేదంటే పాదం తీసెయ్యాల్సొస్తది అన్నాడంట. సరేనని పడుకుంది. పడుకుంది గానీ ప్రాణమంతా ఇంటికాడ కాటుక మీదే. కాటుకంటే కంటికి పెట్టుకునేది కాదర్రా, ఆమె బర్రె. నాంచారమ్మ పక్కన కూర్చుంటే తప్ప అది చేపదు, పొదుగులోంచి చుక్క పాలు దించదు.

ఏమైందంటే, ఆ సాయంత్రం మొగుడు పున్నయ్య చెంబు పట్టుకుని పోయాడంట. ఒక్క తాపు తన్నింది, మనిషి పోయి ఊరి పొలిమేరలో పడ్డాడు. మర్నాడు పెళ్ళాం చీర చుట్టుకుని, కొంగు నెత్తినేసుకుని, గాజులు కూడా తొడుక్కుని కూర్చున్నాడు. బర్రె తల తిప్పి మీసాలు చూసింది. ఈసారి పక్కూళ్ళో పడ్డాడు, అదీ చీరతో. పొదుగేమో రాయిలాగా గట్టిపడిపోయింది, దూడ ఒకటే అరుపు. ఈ కబురు ఆసుపత్రిలో చెవిన పడిందో లేదో, నాంచారమ్మ సెలైను సీసా చంకనెట్టుకుని, సూది చేతికుండగానే ఆటో ఎక్కి ఇంటికొచ్చేసింది.

అక్కడితో పాదం కథ ముగిసిపోవాల్సిందే. కానీ ఆ ఏడే ఆసుపత్రోళ్ళు కొత్త పద్ధతి పెట్టారంట. ఆసుపత్రి దాకా రాలేనోళ్ళ ఇంటికి నర్సే పోవాల, పుండు కడగాల, సూది వెయ్యాల, మందులియ్యాల. అట్టా వచ్చింది సలోమి అనే నర్సమ్మ, స్కూటీ మీద, వెనకాల బీరువా అంత పెట్టె కట్టుకుని. వచ్చీ రాంగానే గొడ్లపాకలోకి పోతన్న నాంచారమ్మని రెక్క పట్టుకుని వసారాలో కూలేసింది. పేడలో కాలు పెట్టావంటే పుండు కుళ్ళి పాదం పోద్ది పెద్దమ్మా, కట్టు నేనొచ్చి కడతా గానీ నువ్వు మాత్రం ఈ వసారా దిగడానికి లేదు అందంట. నాంచారమ్మ దిగాలుగా చూసి, “బర్రె ఎండిపోతే ఈ కాలు మీద నిలబడి ఏం చెయ్యను అమ్మాయ్,” అంది. ఆ పిల్ల పెట్టె తెరిచి దూది తీసింది.

సరే, కడగడం మొదలుపెట్టింది. అవతల పాకలో పున్నయ్య దణ్ణం పెట్టుకుంటా మళ్ళీ బర్రె కింద కూర్చున్నాడు. ఇక్కడ మందు తగిలింది. తగిలేసరికి నాంచారమ్మకి ఆకాశంలో చుక్కలన్నీ పట్టపగలే కనపడ్డాయనుకో. నర్సుని తిట్టలేదు, ఇంటికొచ్చిన మనిషి కదా. మొగుణ్ణి తిట్టింది. ఓరి నీ మూతి మాడ, నీ చేతులు పడ, నీ చుట్టలో పిడుగు పడ అని ఎత్తుకుందంట. ఆ గొంతు వినంగానే కాటుక చెవులు రిక్కించి, తోక దించి, హాయిగా చేపేసింది. చెంబు నిండింది, బకెట్టు నిండింది, కుడితితొట్టి నిండింది, పాలు వీధిలో పారతంటే కోళ్ళు ఈదినై. పక్కింటోళ్ళ బర్రె కూడా చేపిందంట. దున్నపోతు కూడా చేపిందంటారు గానీ అట్టాంటియి నేను నమ్మను.

సలోమి కడుపు పట్టుకుని నవ్వి, “ఇన్నేళ్ళూ పాలు దించింది నీ చేతులు కాదు పెద్దమ్మా, నీ నోరు,” అంది. నిజమే మరి. పెళ్ళయిన కాడ్నుంచీ పాలు పిండేటప్పుడే కదా మొగుణ్ణి తిట్టేది. ఇంక అప్పట్నించీ నర్సమ్మ సరిగ్గా పాలు పిండే వేళకే వచ్చేది. ఇక్కడ కట్టు, అక్కడ పాలు.

ఇట్టా జరుగుతా ఉంటే పుండు మానుతా వచ్చింది. మానేకొద్దీ మంట తగ్గింది. మంట తగ్గితే తిట్లెక్కడియి? ఉత్తినే తిట్టమంటే రావు కదర్రా, లోపల్నుంచి తన్నుకురావాల. పోనీలే అని ఒకసారి నోటిమాటగా తిట్టి చూసిందంట, బర్రె మొహం అటు తిప్పుకుంది. పుండింకా పూర్తిగా ఆరలేదు, పాకలోకి పోనియ్యదు సలోమి. మళ్ళీ పొదుగు గట్టిపడతా వచ్చింది.

అప్పట్నించీ పున్నయ్యకి ఏం తెగులొచ్చిందో. పాలవేళయితే చాలు, ఏదో ఒకటి తగలెయ్యడమే. కూరలో గుప్పెడు ఉప్పు పోస్తాడు, ఆమె పట్టుచీర తెచ్చి దూడకి కప్పుతాడు. ఆమె తిడతది, బర్రె చేపుద్ది. ఒకరోజు ఆవకాయ జాడీ ఎత్తి, ఈమె చూస్తందా లేదా అని ఓరగా ఇటు చూసి, చూస్తందని ఖాయం చేసుకుని మరీ వదిలాడు. ఏడాది పచ్చడి నేలపాలు. ఆ ఓరచూపు నాంచారమ్మ పట్టేసింది. ఓహో, ఇదా సంగతి అనుకుందంట. కళ్ళల్లో నీళ్ళు తిరిగినై. అయినా తిట్టడం మానలేదు, మానితే అంత పచ్చడీ దండగే కదా. కళ్ళు తుడుచుకుంటా, వాడి తాతతండ్రుల్ని కూడా వరస పెట్టి లేపింది. ఆ పూట పాలమీద మీగడ మంచం పరుపంత లావు కట్టింది.

పాదం నిలిచింది. సలోమి సరేనన్న రోజున నాంచారమ్మ ఆ కాలు మీద నడిచి తిన్నగా బర్రె కాడికే పోయింది. ఏమే మల్లేశ్వరీ, నవ్వుతన్నావ్, నమ్మకం లేదా? అయితే లే, ఆ గిన్నె తీసుకుని వాళ్ళింటికి పో. నా టీలోకి పాలు పొయ్యమను. బర్రె ఇంకా చేపలేదంటే, పున్నయ్య టీకొట్టు కాడ పేకాడతన్నాడని నాంచారమ్మ చెవినెయ్యి. ఆడకపోయినా చెప్పు. చెప్పి, గిన్నె పొదుగు కిందకి తోసి, నువ్వు పక్కకి తప్పుకో.