దొరగారి ఇంటిపేరు

తొంభై నాలుగులో ఒక ఉదయం, గల్ఫులోని బుసైతీన్‌లో ఒక జర్మనీ దొర ఇంటి వంటగది. మొన్ననే భీమవరం నుంచి దిగిన కొత్త డ్రైవరు ముందు పనమ్మాయి టీ పెట్టింది. అతను గ్లాసు ముట్టుకోలేదు. ఇక ఏమడుగుతాడో ఆమెకు తెలుసు.

“ఇంతకీ మీ ఇంటిపేరేంటమ్మా?”

“నాదెందుకులెండి రాజుగారూ, దొరగారిది చెప్తాను. గెర్బర్. హాల్లో పటం కట్టించి పెట్టుకున్నారు, చూళ్ళేదా?”

“చూశాను. జమీందార్లా?”

“గొడ్ల తోళ్ళు పదును చేసేవోళ్ళంటండి. వాళ్ళ భాషలో గెర్బరంటే అదేనంట.”

“ఛీ! దానికి పటం కూడానా?”

“ఎవరొచ్చినా చూపించి మురిసిపోతారండి. కంపు కొడతారని చెప్పి, వాళ్ళ తాతల్ని ఊరి చివర ఏటిగట్టునే ఉండనిచ్చేవోరంట.”

“రాజుల బిడ్డని, తోళ్ళోడి కారు తోలుతున్నానని ఇంటికెలా రాయను? ఈ ముక్క నిన్నే చెప్పొద్దా?”

“ఎప్పుడు చెప్పనండీ? దొరగారు తన పళ్ళెంలో కేకు తుంచిస్తే, మీరు కళ్ళకద్దుకుని తింటన్నారాయె.”

డ్రైవరు గొంతు సర్దుకున్నాడు.

“దొరల సంగతి వేరులే. మన పద్ధతులు మనవి. నీ ఇంటిపేరు మాత్రం చెప్పావు కాదు.”

ఆమె గ్లాసును అతని ముందుకు ఇంకాస్త జరిపింది.

“మా ఇల్లూ ఊరి చివర ఏటిగట్టునేనండి. నిన్నటి కేకు అరిగిందిగా, ఈ టీ కూడా అరుగుద్ది. తాగండి.”