ఏడో అంతస్తులో పిచ్చుక నిద్ర

"కాంట్రాక్టరు గారూ, ఆసుపత్రి రంగుల పనికి నన్ను పెట్టుకుంటారో, ఇదిగో ఈ మా తోడల్లుణ్ణి పెట్టుకుంటారో మీ ఇష్టం. కానీ నా సంగతి ఒక్కటి విని మరీ చెప్పండి. టీ చల్లారినా పర్లేదు, వినండి!"

టీ కొట్టు బల్ల మీద పెయింటరు అప్పటికే ఒక కాలు పైకి పెట్టేశాడు. పక్కన తోడల్లుడు టీ ఊదుకుంటున్నాడు. ఇద్దరికీ రెండు నెలలుగా పని లేదు.

"మార్కెట్టు పక్కన మీ ఏడంతస్తుల బిల్డింగు ఉంది చూశారూ, దానికి మేస్త్రి కింద రంగు వేసింది నేనే. మిట్టమధ్యాహ్నం, ఏడో అంతస్తు, పరంజా కర్ర మీద గొంతుక్కూర్చుని బ్రష్షు ఆడిస్తున్నా. చల్లగాలి. చిన్న కునుకు పట్టింది."

"పడ్డావా?" అంది కొట్టావిడ.

"పడటమా! అక్కా, పిచ్చుక కొమ్మ మీద నిద్రపోయి పడటం ఎప్పుడైనా చూశావా? ముందుకి మూడు వేళ్లు, వెనక్కి ఒకటి. కాలు మడిచి కూర్చుందా, లోపల నరం లాగి వేళ్లు వాటంతటవే బిగుసుకుంటాయి. కాకి, గోరింక, బుల్‌బుల్ పిట్ట, అన్నీ అదే బాపతు. చిలక కాదు, దానికి ముందు రెండు, వెనక రెండు. ఇక బాతు సంగతి చెప్పక్కర్లేదు, ఆ తోలు పాదాలతో కొమ్మెక్కితే జర్రున జారుతుంది. అవునా మాస్టారూ?"

సైన్సు మాస్టారు పేపరు దించి, "పిట్టల వరకూ నిజమే," అన్నాడు.

"విన్నారా! నేను మోకాళ్లు మడిచానా, నా కాలి బొటనవేళ్లు రెండూ వెనక్కి తిరిగి కర్రని పట్టేశాయి. ఆ తర్వాత ఏమైందో తెలుసా? గాలిదుమారం! పరంజా మొత్తం కూలిపోయింది. నేను కూర్చున్న ఒక్క కర్ర మాత్రం అలాగే ఉంది."

"ఆ కర్ర దేనిమీద నిలబడిందయ్యా?"

"నా పట్టు మీద మాస్టారూ! అప్పుడు పిచ్చుకలొచ్చాయి. పది, నూరు, వెయ్యి! నిద్రలోనే పాటెత్తుకున్నా. మామూలు గొంతా? పాడే పిట్టల గొంతు, ఒకేసారి రెండు స్వరాలు! ఇటునుంచి పల్లవి, అటునుంచి చరణం. కింద బజారు ఆగిపోయింది. ఒక తల్లి పిచ్చుకైతే, కళ్లు తెరవని, ఈకలు రాని తన పిల్లల్ని వదిలేసొచ్చి నా నోట్లో పురుగు పెట్టింది!"

"ఛీ, మింగావా?"

"అంత ప్రేమగా పెడితే ఎలా కాదంటానక్కా! ఈలోగా ఫైరింజను వచ్చింది. నలుగురు పట్టి లాగారు. ఊహూఁ! చివరికి మోకాళ్లు చాపితే టక్కున ఊడొచ్చా. టైం చూస్తే సాయంత్రం ఆరు! ఒంటిగంట నుంచి ఆరు దాకా ఏకధాటిగా నిద్ర! ఇప్పుడు చెప్పండి, ఎత్తు పనికి నన్ను మించిన మొనగాడు ఎవడున్నాడు?"

కాంట్రాక్టరు గ్లాసు కింద పెట్టాడు.

"ఏడో అంతస్తు, పడమటి గోడ. ఒక్క కోటింగు వేసి వదిలేశారు. మొదటి వానకే పెచ్చులూడింది. సిమెంటు బాలేదన్నాడు మేస్త్రి. నువ్వు నిద్రపోయావన్నమాట."

"అయ్యో, నిద్రపోలేదండీ బాబూ! కోతలండీ! పిచ్చుకలూ లేవు, ఫైరింజనూ లేదు! నేనెప్పుడైనా ఒక్క నిజం చెప్పానేమో ఈ కొట్లో ఎవర్నైనా అడగండి!"

"చెప్పలేదండీ," అన్నారు కొట్టావిడ, మాస్టారు, తోడల్లుడు ఒక్కసారే.

"మరి గోడ ఎందుకు వదిలేశావు?"

పెయింటరు బల్ల మీది కాలు దించాడు.

"మొదటి కోటింగు అయ్యాక కిందికి చూశానండీ. భయమేసి కర్రని వాటేసుకున్నా. దిగాక మళ్లీ ఎక్కలేకపోయా. సిగ్గేసి ఇంట్లో కూడా చెప్పలేదు."

తోడల్లుడు మెల్లగా అతని భుజం మీద చెయ్యి వేశాడు. "నాతో అయినా చెప్పాల్సింది అన్నయ్యా," అన్నాడు.

"ఇది మాత్రం నమ్ముతా," అన్నాడు కాంట్రాక్టరు. "రేపు పొద్దున్నే ఇద్దరూ రండి. బయటి గోడలు మీ తోడల్లుడు చూసుకుంటాడు. లోపలి గదులు నువ్వు చెయ్యి. నిచ్చెన మూడు మెట్లు ఎక్కగలవా?"

పెయింటరు వేళ్లు మడిచి లెక్కపెట్టుకున్నాడు.

"రెండైతే గ్యారంటీ అండీ."