మామా అన్న పిలుపు

నా పేరు లచ్చమ్మ. భర్త తుకారాం, చనిపోయాడు. వయసు నలభై నాలుగేళ్లు. పిల్లలు లేరు. పదకొండేళ్లు కువైట్‌లో ఒకే ఇంట్లో పని చేసి, మొన్న మార్చిలో తిరిగి వచ్చాను. ప్రస్తుతం ఏ పనీ లేదు. సికింద్రాబాద్ నేరేడ్‌మెట్‌లో నా తమ్ముడు, ఆటో నడిపే ఓంప్రకాశ్ ఇంట్లో ఉంటున్నాను. ఏఎస్సై యుగంధర్ గారు అడిగినందుకు ఈ కింది విషయాలు చెబుతున్నాను.

కువైట్‌లో నేను చేరిన రెండో ఏడు ఆ ఇంట్లో ఆడపిల్ల పుట్టింది. పేరు దానా. ఈ పేరు చెబితే మా తమ్ముడు నవ్వాడు. "దానా అంటే కోళ్లకేసేది గదనే అక్కా" అన్నాడు. అక్కడ ముత్యాన్ని అలా అంటారు. పాప నా గదిలోనే పడుకునేది. కన్నతల్లిని యుమ్మా అనేది, నన్ను మామా అనేది. అక్కడ రెండూ అమ్మను పిలిచే మాటలే. నేర్పింది నేను కాదు. ఆ పిల్లే అలా పిలిచింది, ఇంట్లో ఎవరూ వద్దనలేదు.

పాప పెద్దదైంది, ఇక నువ్వు అక్కర్లేదన్నారు. నేను బయలుదేరిన రోజు దానా బడికి వెళ్లింది. చెబితే ఏడుస్తుంది, చెప్పొద్దని మేడం అన్నది. నేను చెప్పలేదు. జడ వేసి పంపాను. పాప బడి నుంచి వచ్చే వేళకు నేను విమానంలో ఉన్నాను. తర్వాత పాపకు ఏం చెప్పారో నాకు తెలియదు.

ఇక్కడికి వచ్చాక నిద్ర లేదు. ఆకలి తెలియదు. ఎవరైనా పిలిస్తే పక్కింట్లో పిలిచినట్టు ఉంటుంది. ఏడుపు కూడా రాదు. మరదలు మంచిదే, వేళకు పెడుతుంది. "ఇల్లు చేరినవ్, మనోళ్లల్ల ఉన్నవ్. ఇంకేం తక్లీఫ్ వదినె?" అని అడిగింది. డాక్టరు నిద్రమాత్రలు రాసి, సాయంత్రాలు నడవమన్నాడు. ఆ నడక కోసమే కాప్రా చెరువు దగ్గరికి పోతున్నాను.

నిన్న ఆదివారం సాయంత్రం ఐదున్నరకు చెరువు కట్ట మీద ఉన్నాను. మొక్కజొన్న కంకులు కాల్చే బండి అవతల ఒక పాప నిలబడి ఉంది. నాలుగేళ్లుంటాయి. పసుపు గౌను, ఒక కాలికే చెప్పు. "మామా, మామా" అని ఏడుస్తోంది.

నేను పుట్టింది ఇక్కడే. మామ అంటే మేనమామ అని నాకు ఒకరు చెప్పక్కర్లేదు. కానీ అప్పుడు అది గుర్తు రాలేదు. నన్ను పిలిచారు, నేను వెళ్లాను.

ఎత్తుకున్నాను. అరబ్బీలో ఏదో అన్నాను, ఏమన్నానో చెప్పలేను. పాప నా మెడ పట్టుకుంది. కొంగుతో ముక్కు తుడిచాను. షేరింగ్ ఆటో ఎక్కాను. ఆటోలో పాప "మామ ఏడీ?" అని అడిగింది. "ఈడనే ఉన్న గద" అన్నాను. మళ్లీ అడిగింది. మళ్లీ అదే చెప్పాను. ఏడీ అని మగవాళ్ల గురించే అడుగుతారు. మీరు రాస్తుంటే ఇప్పుడు తెలుస్తోంది.

ఇంటికి తెచ్చి కాళ్లు చేతులు కడిగి, పెరుగన్నం కలిపాను. పాప తిన్నది. ఆ పూట నాకూ ఆకలేసింది. అదే గిన్నెలో నేనూ తిన్నాను. అప్పుడే తమ్ముడు వచ్చి, "ఎవల పిల్లనే గీమె?" అన్నాడు. "నా పిల్లనే" అన్నాను. తమ్ముడు గడపలోనే కూర్చుండిపోయాడు. తర్వాత పోలీసులకు ఫోన్ చేశాడు. వాడి తప్పు లేదు.

పాప తల్లి సుకన్య, మేనమామ హరికిషన్ స్టేషన్‌కు వచ్చారు. అతను కంకి కొనడానికి పక్కకు పోయాడట. పాప "మామా" అంటూ అతని వైపు పరుగెత్తింది. ఆ మాటకు నేనూ ఒక అడుగు ముందుకు వేశాను. సుకన్య నన్ను చెంప మీద కొట్టింది. "నా బిడ్డను ఏడికి గుంజుకపోయినవే?" అన్నది. ఆమెది న్యాయమే. దెబ్బ తగిలిందని తెలిసింది, నొప్పి తెలియలేదు. పాప చెవి కమ్మలు ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి.

ఇక్కడి దాకా రాసింది చదివి వినిపించారు. అందులో "తప్పిపోయిన పాపను పోలీసులకు అప్పగించే ఉద్దేశంతోనే ఇంటికి తీసుకెళ్లాను" అని ఒక వాక్యం ఉంది. అది నేను చెప్పలేదు. కొట్టేయమన్నాను. యుగంధర్ గారు కలం పక్కన పెట్టి, "గా ముక్క లేకుంటే కిడ్నాప్ కేసయితదమ్మా. జెర ఆలోచించు" అన్నారు. తమ్ముడు నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఉండనియ్యే అక్కా, నీ కాల్మొక్త. గా ఒక్క ముక్కతోని ఇంటికొస్తవ్."

"ఇంటికి నేను మార్చిలనే వచ్చిన గదరా" అన్నాను.

ఆ వాక్యం కొట్టేశారు. దాని బదులు ఇది రాయమని నేనే అడిగాను. పాపను తిరిగి ఇవ్వాలని నాకు తట్టలేదు. ఆమెకు వేరే తల్లి ఉంటుందని కూడా తట్టలేదు. ఎవరూ రాకపోయి ఉంటే ఇచ్చేదాన్ని కాదు.

కొట్టేసిన ఆ వాక్యం తప్ప పైనున్నదంతా నా నోటి మాట, నిజం. నన్ను ఎవరూ బెదిరించలేదు, ఎవరూ ఆశపెట్టలేదు.

లచ్చమ్మ, ఎడమ చేతి బొటనవేలి ముద్ర