గుంటక బాస

హలో… ఆ, నేనే. హొళగుంద గంగమ్మని. ఆదోనిలో రసూల్ సాబ్ పత్తి అంగడి నుంచి మాట్లాడతాండా.

పేపర్ల మీ ఆస్పత్రోళ్ళు ఫోటో ఏసినారు కదా సారూ, తలకు కట్టు కట్టి… ఆ, ఆ ముసిలాయన మా ఇంటాయనే. ఉచ్చీరప్ప. రైలు దిగతా పడినాడంట కదా? … మాటలు పోయినాయా? … ఒట్టి సప్పుళ్ళేనా?

… ఏమీ? మరాఠీ ఆయనా? ఎవురు సెప్పినారు?

… మిషనా!

గొంతు సప్పుడు ఇని యా బాసో సెప్తాదా? అబ్బో! … మాటలు అక్కర్లేదా దానికి? మంచి మిషనే. అయితే నేను ఇన్నేండ్లూ మరాఠాయనతో కాపరం సేసినానా సార్?

… షోలాపురమా? ఈ పొద్దు రైలుకే పంపిస్తారా? … అనాథల ఇంటికా! పెండ్లాం బతికుండంగా?

… మొన్న అరవం అనిందా? నయం, నక్కల బాస అనలేదు. కొండనాలిక్కి మందేస్తే ఉన్న నాలిక ఊడిందంట. అట్లుంది నీ మిషన్ కత.

ఒకటి సెప్పు. నాలికతో టక్కు టక్కుమంటాడా? … మద్దెలో 'హై… హై' అంటాడా? … సేతులు ముందుకు సాపి, దేన్నో అణిసిపట్టినట్ల?

అయ్యో నా తండ్రీ.

గుంటక తోల్తాండాడప్పా! సేన్లో, ఎద్దుల ఎనక. … ఎద్దులు యాడివి సార్, పోయిన కరువుకే అమ్మేసినాము. అది మరిసిపోయినాడు. … నవ్వొద్దు. ఎద్దులకు మరాఠీ ఏమెరుక?

… నమ్మవా? పోను ఆయప్ప సెవి కాడ పెట్టు. … మిషన్ కూడా పెట్టుకో, నీ ఇష్టం.

…

ఏమప్పో… నేను. పొద్దు మునిగింది. గుంటక ఇడుసు. ఊటక్కె బా… సంగటి ఆరిపోతాంది, బా…

…

సారూ? … టక్కు టక్కు ఆగిందా? … ఏమన్నా అన్నాడా?

… 'బందె'?

… కూటికి రా అంటి, వచ్చినా అంటాండాడు సార్. కన్నడం. ఇంట్ల నాతో అదే. తెలుగు ఎద్దులతోనే… ఏడ్సడం లేదు, నువ్వు సెప్పు.

… ఏమీ, మిషన్ ఇంకా మరాఠీ అనే అంటాందా? అననీ. షోలాపురం రైలు దాన్నే ఎక్కించు!

ఆయప్పను మాత్రం కదపొద్దు. నేనొస్తాండానని సెప్పు. … కాదు సార్, మిషన్లో కాదు. సెవి కాడికి పోయి, నీ నోటితో సెప్పు.

రసూలన్నా, పెట్టేయప్పా. బస్సుకు పోవాల.